జాన్స్ హాప్కిన్స్ నుంచి మన నీళ్ల ట్యాంకు దాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు కథ రాద్దామా, కవిత రాద్దామా అని ఆలోచించాం. రెండూ మాకు రావు. మేము చదువుతున్నది ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. అందులో బయోస్టాటిస్టిక్స్ అని ఒక పేపరుంది. ఆ పేపరు చదువుతుంటే ఒక విశ్వవిద్యాలయం పేరు పదే పదే ఎదురైంది. దాని సంగతులు చదివినకొద్దీ మన హాస్టలే గుర్తుకొచ్చింది. అందుకే ఈ పాఠం.

ముందు హాస్టలు సంగతి చెప్పాలి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, వానాకాలంలో, నాలుగు రోజుల్లో ఇరవై ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరికి సెలైన్ ఎక్కించారు. డాక్టరు గారు వచ్చి అందరికీ మాత్రలిచ్చి వెళ్లారు. మర్నాడు సబ్ సెంటరు నర్సమ్మ వచ్చింది. ఆమె జబ్బు పడినవాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని వరండాలో నిలబడి ఒక్కొక్కరినీ పిలిచి, "ఏ గదిరా నీది? ఏ పంపు నీళ్లు తాగుతావు? ఎప్పుడు మొదలైంది?" అని అడిగి రాసుకుంది. జబ్బు రానివాళ్లను కూడా అడిగింది. బాగున్నవాళ్లను అడగడమేమిటని మేము నవ్వుకున్నాం. మధ్యాహ్నానికి ఆమె కాగితంలో లెక్క తేలింది. ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది వెనకవైపు పంపు దగ్గర నీళ్లు తాగేవాళ్లే. బాగున్న వాళ్లలో ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు చాలా తక్కువ. వెళ్లి చూస్తే ఆ పైపు మురుగు కాలువలో నుంచి పోతోంది, జాయింటు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. ఆ సాయంత్రమే పంపు కట్టేశారు. డాక్టరు గారు ఇరవై ముగ్గురికి వైద్యం చేశారు. నర్సమ్మ మిగిలిన తొంభై మందికి చేసింది. ఆ సంగతి ఆ తొంభై మందికి తెలియను కూడా తెలియదు.

ఆ రెండో పనినే ప్రజారోగ్యం అంటారు. దానికోసమే ప్రత్యేకంగా ఒక కళాశాల ఉండాలన్న ఆలోచన అమెరికాలో గట్టిగా రూపం తీసుకున్న చోటు బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. (చాలామంది 'జాన్ హాప్కిన్స్' అని రాస్తారు. అది తప్పు. ఆయన ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు జాన్స్. అదే ఆయనకు పేరుగా పెట్టారు.) ఆయన పెద్ద వ్యాపారి. 1873లో చనిపోతూ విశ్వవిద్యాలయానికి, ఆసుపత్రికి కలిపి 70 లక్షల డాలర్లు రాసిపోయారు. విశ్వవిద్యాలయం 1876లో మొదలైంది. ప్రజారోగ్య కళాశాల అక్కడ 1916లో స్థాపితమైంది. డబ్బు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌ది, ఆలోచన విలియం వెల్చ్ అనే వైద్య ఆచార్యుడిది. అంతకుముందు ఏడాది ఆయన, విక్లిఫ్ రోజ్ కలిసి ఇచ్చిన నివేదికలో ఆరోగ్యశాఖల్లో పనిచేయడానికి వేరే శిక్షణ కావాలని, ఆ చదువు పరిశోధనతో ముడిపడి ఉండాలని వాదించారు. తరగతులు 1918 అక్టోబరులో మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నడుస్తోంది. పాఠం మొదలుకాకముందే పరీక్ష వచ్చినట్టయింది. 2001 నుంచి ఆ కళాశాలను బ్లూమ్‌బర్గ్ ప్రజారోగ్య కళాశాల అంటున్నారు.

బ్యాచ్ అంటే ఏమిటి?

మా సబ్జెక్టు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాం, విసుక్కోవద్దు.

ఆ కళాశాలలో వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే ఆచార్యుడుండేవారు. జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చదివే శాస్త్రానికి అమెరికాలో మొదటి ప్రొఫెసరు ఆయనే. ఒకప్పుడు ఆయనకే క్షయ వచ్చింది, తగ్గింది. తర్వాత చాలా ఏళ్లకు మసాచుసెట్స్ రాష్ట్రపు క్షయ మరణాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నారు. 1880 నుంచి 1930 వరకు, పదేళ్లకొకసారి, వయసుల వారీగా లెక్కలు. 1880 వరస చూస్తే క్షయతో పడుచువాళ్లు ఎక్కువగా చనిపోయారు. 1930 వరస చూస్తే వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా చనిపోయారు. చూసినవాళ్లు ఎవరైనా ఏమంటారు? క్షయ ఇప్పుడు ముసలివాళ్ల జబ్బుగా మారిపోయిందంటారు.

ఫ్రాస్ట్ పట్టికను అడ్డంగా చదవడం మానేసి ఐమూలగా చదివారు. 1930లో అరవై ఏళ్లవాడు 1880లో పదేళ్ల పిల్లవాడు. 1890లో ఇరవై, 1900లో ముప్పై. ఒకే కాలంలో పుట్టినవాళ్లను ఒక గుంపుగా పట్టుకుని, వాళ్లు పెద్దవుతుంటే వెంట నడిచారు. అప్పుడు తెలిసిందేమిటంటే, ప్రతి గుంపులోనూ క్షయ ఎక్కువగా కాటేసింది ఇరవైల్లోనే. 1930లో చనిపోతున్న పెద్దవాళ్లు తమ చిన్నప్పుడు క్షయ విపరీతంగా ఉన్న రోజుల్ని దాటి వచ్చినవాళ్లు. ఆ కాలం వాళ్ల వెంటే వస్తోంది. కొత్తగా పుట్టినవాళ్లకు అంత ముప్పు లేదు.

మనకు ఇది సులువుగా అర్థమవుతుంది. మన హాస్టల్లో ఎవరినీ వయసుతో గుర్తుపెట్టుకోం. "వాడు ఫలానా ఏడు టెన్త్ బ్యాచ్" అంటాం. ఆ ఏడు కరెంటు లేదు, ఆ బ్యాచ్ వాళ్లంతా దీపం దగ్గర చదివారు, ఇప్పటికీ వాళ్లకు కళ్లజోళ్లే అని చెప్పుకుంటాం. ఫ్రాస్ట్ చేసిందీ అదే, బ్యాచ్ వెంట నడవడం. 1938లో ఆయన చనిపోయాక మరుసటి ఏడు ఈ వ్యాసం అచ్చయింది. ఆయనతో కలిసి పనిచేసిన లోవెల్ రీడ్ మా సబ్జెక్టు మనిషి. ఇద్దరూ తరగతిలో రంగురంగుల గోళీలతో అంటువ్యాధి ఎలా పెరుగుతుందో, ఎలా ఆగిపోతుందో చూపించేవారు. లెక్కల పంతులైన ఆ రీడ్ తర్వాత విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడయ్యారు. లెక్కలు చదివితే ఏమొస్తుందని మమ్మల్ని అడిగే మా మేనమామకు ఈ సంగతి చెప్పాం. ఆయన నమ్మలేదు.

ట్యాంకులో ఎంత వెయ్యాలి?

నీళ్లలో క్లోరిన్ వేస్తే క్రిములు చస్తాయని అప్పటికే తెలుసు. 1908 నుంచి అమెరికాలో జెర్సీ సిటీ నీళ్లలో వేస్తూనే ఉన్నారు. కష్టమల్లా ఎంత వెయ్యాలన్నదే. తక్కువైతే క్రిములు చావవు, ఎక్కువైతే నీళ్లు నోట్లో పెట్టుకోలేం. పైగా ఒక బావి నీళ్లకు సరిపోయింది మరో నది నీళ్లకు సరిపోదు. బాల్టిమోర్‌లోనే పుట్టి జాన్స్ హాప్కిన్స్‌లో ఇంజనీరింగ్ చదివిన ఏబెల్ వోల్మన్, రసాయన శాస్త్రవేత్త లిన్ ఎన్‌స్లో కలిసి 1919లో దీన్ని తేల్చారు. నీళ్లలోని మురికి ముందు కొంత క్లోరిన్‌ను తినేస్తుంది. ఆ ఆకలి తీరాక మిగిలిందే క్రిముల పని పడుతుంది. కాబట్టి ఎంత వేశామన్నది కాదు, ఎంత మిగిలిందన్నది కొలవాలి. వోల్మన్ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్లు ఈ విద్య నేర్పారు.

ఇక మన ట్యాంకు. మంచి బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు చాలని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. వేశాక ఒక గంట ఆగి తాగాలి. నీళ్లు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. పంపు దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్ని చూడటానికి క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపురంగు వస్తుంది. రంగు రాలేదంటే క్లోరిన్ లేదన్నమాట. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మూతి విప్పి స్టోరు రూములో నెలల తరబడి పడేసిన బ్లీచింగ్ బస్తాలో బలం మిగలదు. అందులో నుంచి చెంబెడు తీసి పోసినా సున్నం కలిపినట్టే.

బనగాఁవ్ శిబిరం, మా అక్క

1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దాటి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్లో బనగాఁవ్ శిబిరంలో కలరా. ఆసుపత్రిలో నేలమీద కూడా చోటు లేదు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ల వైద్య పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. అందులో పనిచేసే దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరును అక్కడికి పంపారు.

విరేచనాల్లో మనిషి చనిపోయేది నీళ్లూ ఉప్పూ పోవడం వల్ల. ఉత్త నీళ్లు తాగిస్తే పేగు సరిగా పీల్చుకోదు. ఉప్పునీళ్లు ఇచ్చినా అంతే. కాని ఉప్పుతోపాటు గ్లూకోజు ఉంటే, ఆ గ్లూకోజు ఉప్పును చెయ్యి పట్టుకుని పేగు గోడ దాటిస్తుంది. వాటి వెనకే నీళ్లు వెళతాయి. ఎంత కలరా వచ్చినా పేగులోని ఈ దారి మూసుకుపోదు. ఈ సంగతి 1960ల్లో ప్రయోగశాలల్లో, ఢాకా, కలకత్తా ఆసుపత్రుల్లో తేలింది. అయితే అదంతా డాక్టర్లు మంచం పక్కనే ఉండి చేసిన పని. జనసముద్రం మధ్య, బురదలో పనిచేస్తుందా అన్నది ఎవరికీ తెలియదు.

మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా లెక్కన పొట్లాలు కట్టించారు. పంపులున్న డ్రమ్ముల్లో కలిపి వార్డులో పెట్టించారు. తాగించే పని నర్సులది కాదు, తల్లులది, అన్నదమ్ములది. రోగి పక్కన ఎవరుంటే వాళ్లది. దానికి 'నోటి సెలైన్' అని పేరు చెప్పారు. సూదితో ఎక్కించే సెలైన్ అంటే జనానికి గురి ఉంది కదా, ఆ గురి దీనికీ వస్తుందని. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా చనిపోతుంటే, ఈ నీళ్లు తాగినవాళ్లలో నూటికి 3.6 మంది మాత్రమే చనిపోయారు. ఆ లెక్కలు 1973లో జాన్స్ హాప్కిన్స్ వైద్య పత్రికలోనే అచ్చయ్యాయి. మహలనబిస్ గారు 2022లో కన్నుమూశారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా మన దేశం పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పాఠం చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఎందుకో చెప్పాలి.

ఇంట్లో పెద్దసంతానం మేమేనని అందరూ అనుకుంటారు. మాకంటే ముందు ఒక అక్క ఉండేది. పదకొండు నెలల పిల్ల. 1999 ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయి, ఆపు అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. అమ్మ ఆపింది. పాప చెంబు కేసి చూస్తుంటే అమ్మ చెంబు దాచిపెట్టిందట. రెండో రోజు తెల్లవారుజామున పోయింది. ఇది అమ్మ మాకు ఒక్కసారే చెప్పింది. ఆ తర్వాత మేము పుట్టాక దాహమంటే చాలు, అన్నం వదిలేసి నీళ్లు తెచ్చేది.

బనగాఁవ్‌కు 1999కి మధ్య ఇరవై ఎనిమిదేళ్లు. శాస్త్రం తెలిసిపోయింది, పొట్లం తయారైంది, రేడియోలో చెప్పారు, గోడల మీద రాశారు. మా వాడ దాకా రాలేదు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు. ఉప్పు ఉంది, పంచదార డబ్బా అడుగున కొంచెం ఉండే ఉంటుంది. ఇంట్లో ఉన్నవాటితోనే అయ్యేది. ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాం. ఇంతవరకు చెప్పలేదు.

మీకు మాత్రం చెబుతాం, ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మకు, వదినకు చెప్పండి. పొట్లం దొరికితే కవరు మీద ఎన్ని నీళ్లు రాసి ఉందో అన్నే కలపాలి. దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కొంచెం కొంచెంగా, చెంచాతో, ఆపకుండా పట్టాలి. తల్లిపాలు మానకూడదు. 2004 నుంచి జింక్ మాత్రలు కూడా 10 నుంచి 14 రోజులు ఇమ్మంటున్నారు. అవి ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి. పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, రక్తం పడుతున్నా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోవాలి.

రేచీకటి చుక్కలు, ఒక తగువు

ఏ విటమిన్‌ను 1913లో మరొక విశ్వవిద్యాలయంలో కనిపెట్టిన మెకాలమ్, తర్వాత జాన్స్ హాప్కిన్స్ ప్రజారోగ్య కళాశాలకే వచ్చారు. అరవై ఏళ్ల తర్వాత అదే కళాశాలలో చదివిన కంటి డాక్టరు ఆల్‌ఫ్రెడ్ సోమర్ ఇండోనేషియా పల్లెల్లో పిల్లల కళ్లు పరీక్షించారు. ఆయన వెళ్లింది గుడ్డితనం సంగతి తేల్చడానికి. 1982 చివర్లో ఆ లెక్కలు తిరగేస్తుంటే ఇంకొకటి కనిపించింది. కొంచెం రేచీకటి ఉన్న పిల్లలు, లేని పిల్లల కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. అప్పుడు ఆచే ప్రాంతంలో 450 పల్లెలు తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఆరునెలలకొకసారి ఏ విటమిన్ ఇచ్చారు. ఇచ్చిన పల్లెల్లో పిల్లల మరణాలు 34 శాతం తక్కువని 1986లో ప్రకటించారు.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. 1990లో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇదే పరీక్ష చేస్తే మరణాల్లో తేడా కనిపించలేదు. అదే ఏడు తమిళనాడులో మధురై ప్రాంతంలో వారం వారం చిన్న మోతాదు ఇచ్చి చూస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. 2013లో ఉత్తరప్రదేశ్ అంగన్‌వాడీల్లో పది లక్షల మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం అచ్చయితే తేడా దాదాపు లేదన్నారు. ఎవరు నిజం? మాకు తోచింది చెబుతాం. పిల్లల్లో లోపం ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ చుక్కలు ఎక్కువ పనిచేస్తాయి. లోపం తగ్గిన చోట తక్కువ. అమెరికా విశ్వవిద్యాలయం చెప్పింది కాబట్టి హైదరాబాదు వాళ్లు తప్పు అనీ, మనవాళ్లు కాబట్టి ఒప్పు అనీ అనలేం. పరిశోధన అంటేనే ఈ తగువు. అయితే మెనూలో ఆకుకూర పప్పు ఉన్న రోజు ఆకు ఏరి కంచం పక్కన పెట్టే తమ్ముళ్లకు ఈ తగువులో ఏ పక్షమూ మద్దతివ్వదు.

మశూచి నిర్మూలన సంగతి మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున దాన్ని నడిపించిన డి.ఎ. హెండర్సన్ ఈ కళాశాల విద్యార్థే. 1977లో వచ్చి ఇక్కడే డీన్ అయ్యారు.

గోదావరి అవతల

మన దేశంలో ముస్సోరీ దగ్గర పుట్టిన కార్ల్ టేలర్ జాన్స్ హాప్కిన్స్‌లో అంతర్జాతీయ ఆరోగ్య విభాగం పెట్టారు. పంజాబ్‌లో నారంగ్‌వాల్ అనే ఊళ్లో 1970ల మధ్య వరకు పరిశోధన నడిపారు. పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇస్తే పిల్లల ప్రాణాలు నిలబడతాయా అన్నది అక్కడి ప్రశ్న. అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే మనకు దగ్గర్లో పండింది. మహారాష్ట్రకు చెందిన డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి 1984లో పట్టా తీసుకున్నారు. అక్కడే ఉండిపోలేదు. గడ్చిరోలికి వచ్చారు. కాళేశ్వరం దగ్గర నది దాటితే అవతల గట్టు గడ్చిరోలి జిల్లానే. సిరోంచ వైపు తెలుగే మాట్లాడతారు.

నిమోనియా వచ్చిన పిల్ల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెడితే జబ్బు పట్టుకోవచ్చు. కాని ఊళ్లో మంత్రసానులకు అంకెలు రావు. అందుకని వాళ్లు పూసలు, ఇసుక గడియారం ఉన్న ఒక చిన్న పరికరం చేశారు. పది ఊపిర్లకొక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎన్ని పూసలు జరిగాయో చూస్తే చాలు. చదువు రాని మనిషి చేతికి శాస్త్రం అందించాలంటే పరికరాన్ని మార్చాలి, మనిషిని తప్పుపట్టకూడదు. మా అమ్మను తలుచుకుంటే మాకు ఆ పూసలంటే ఏమిటో అర్థమవుతుంది. తర్వాత 39 ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పి, పుట్టిన పిల్లలను ఇంటికి వెళ్లి చూసేలా చేశారు. మూడో ఏటికి, పోల్చి చూసిన మిగతా ఊళ్లతో పోలిస్తే నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. 2011 నుంచి మన దేశంలో ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్లి పాపను తూచి చూడటం దీని ఫలితమే. అదే 1999. ఆ ఏడాది గురించి ఇంక రాయం.

ఒక చేదు సంగతి కూడా రాయకపోతే పాఠం పూర్తికాదు. 1951లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి క్యాన్సరుతో వచ్చింది. నల్లవాళ్లకు అక్కడ వేరే వార్డు. ఆమె శరీరం నుంచి తీసిన కణాలను ఆమెను అడక్కుండానే ప్రయోగశాలలో పెంచారు. ఆమె ఆ ఏడే చనిపోయింది. కణాలు చనిపోలేదు. పోలియో టీకా పరీక్షలకు అవే పనికొచ్చాయి. కుటుంబానికి ఈ సంగతి తెలిసింది 1970లలో. ఎవరి ఒంటి మీద పరిశోధన జరుగుతుంది, ఎవరి పేరు పుస్తకంలో ఉంటుంది అన్నది వెలివాడల నుంచి వచ్చిన మనం అడగకపోతే ఎవరు అడుగుతారు? అడగాలంటే ఆ గదిలో మనమూ ఉండాలి.

ఉండటం ఎలా అంటే, దీనికి డాక్టరే కానక్కర్లేదు. చాలాచోట్ల ఎంపీహెచ్ కోర్సుకు ఏ డిగ్రీ ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే ఒక్కో చోట ఒక్కో నిబంధన ఉంటుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. హైదరాబాదులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ 1997 నుంచి నేర్పుతోంది. విదేశాలకు వెళ్లదలచిన ఎస్సీ విద్యార్థులకు కేంద్రప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. అయితే జాన్స్ హాప్కిన్స్ కూడా సుఖంగా లేదు. అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయం ఆపేయడంతో 2025 మార్చిలో 80 కోట్ల డాలర్లకు పైగా నిధులు పోయి, పలు దేశాల్లో కలిపి రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేశారు. వాటిలో ఎక్కువ బయటి దేశాల్లో పనిచేసేవాళ్లవే.

ఈ జూన్‌లో హాస్టలుకు వచ్చినప్పుడు వార్డెన్ గారి అనుమతితో మేము ఒక లాంగు నోటుబుక్కు గీతలు కొట్టి ఇచ్చి వెళ్లాం. తేదీ, పేరు, గది, ఏ పంపు, ఏమైంది, ఎన్ని రోజులు. పదో తరగతి తమ్ముళ్లు రాస్తున్నారు. మొన్న ఫోనులో జూలై పేజీ చదివి వినిపించారు. ఆరు పేర్లున్నాయి, అందులో నాలుగు ఒకే గదివి. ఆ గదిలో తాగునీళ్ల బిందెకు మూత లేదట. బాగున్నవాళ్ల పేర్లు రాయలేదు. వచ్చే నెల నుంచి వాళ్లవీ రాయమన్నాం.